చారి తాత చెక్కిన మూడు పళ్లు

కుంపట్లో బొగ్గులు ఎర్రబడగానే బ్రహ్మచారి ఊదుగొట్టం పక్కన పెట్టి, మూడో పన్నును మళ్లీ ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించుకున్నాడు. బియ్యపుగింజ కంటే పెద్దది, చింతగింజ కంటే చిన్నది. దాని అంచు మీద ఆకురాయిని నాలుగుసార్లు ఆడించి, ఉఫ్‌మని ఊది, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కుకు ఆనేంత దగ్గరగా పట్టుకుని చూశాడు. ఇంకో వెంట్రుకవాసి తగ్గాలి. మళ్లీ రుద్దాడు. తెల్లటి పొడి ధోవతి మీద రాలింది.

అరవై ఏళ్ల కంసాలి. రాంగోపాల్‌పేట్ సందులో, చేతులు చాపితే రెండు గోడలూ తగిలే ఆ కొట్లో, నలభై ఏళ్లుగా అదే మూల కూర్చుని పనిచేస్తున్నాడు. కుడిభుజం ఎడమదాని కంటే కిందికి జారిపోయింది. గొట్టం ఊదీ ఊదీ బుగ్గలు సాగి, ఊరికే ఉన్నప్పుడు కూడా ఏదో నములుతున్నట్టు కనిపిస్తాడు. వేళ్ల కొనలు కాలి కాలి నున్నబడ్డాయి. నిప్పుకణికను చేత్తో తీసి బీడీ ముట్టించుకుంటాడు. హారాలూ వడ్డాణాలూ చేయించుకునేవాళ్లు పెద్ద బజారు దుకాణాలకు పోతారు. ఇతని దగ్గరికి వచ్చేవి తెగిన కొక్కేలు, సొట్టపడ్డ మట్టెలు, పసిపిల్లల చెవిపోగులు. ఆ సందులో పుట్టిన ప్రతి పిల్లా చెవులు కుట్టించుకుంటూ ఇతని ముందు గుక్కపెట్టి ఏడ్చిందే. పేరుకు బ్రహ్మచారి, ఇంట్లో భార్య శ్యామలమ్మ ఉంది. ఆ ఎగతాళి ఎంత పాతదైపోయిందంటే, కొత్తగా సందులోకి దిగినవాళ్లు చేసినా ఎవరూ నవ్వరు.

"ఇంక ఎంతసేపయ్యా? చాయ చల్లగైతున్నది," అంది శ్యామలమ్మ వెనక గదిలోంచి వచ్చి, గ్లాసు అతని మోకాలి దగ్గర పెడుతూ.

"అయిపోయింది. ఇదే ఆఖరి పన్ను."

"ఇంతకుముందు రెండుసార్లు గూడ గిట్లనే అన్నవ్."

రెండుసార్లూ నిజమే. మొదటిసారి పళ్లు నిలవలేదు. రెండోసారి నిలిచాయి గానీ చిగుళ్లు కోసుకుని పిల్లవాడికి నెత్తురొచ్చింది. ఇది మూడోసారి. వాడు ఎక్కాల్సిన రైలుబండి సాయంత్రం నాలుగింటికి.

ఆ పళ్లు సుభాన్‌వి. బీడీలు చుట్టుకుని బతికే రహమత్‌బీ కొడుకు, పదిహేడేళ్లవాడు. తండ్రి పోయాక ఆయన క్లారినెట్ వీడి చేతికి వచ్చింది. వాడు అబ్రహాం మేస్త్రి పెళ్లిబ్యాండులో ముందు వరుసలో నిలబడి ఊదేవాడు. పెళ్లి ఊరేగింపు ఆ సందు దాటుతుంటే, పెళ్లికొడుకును వదిలేసి వీణ్ణి చూడడానికే ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చేవాళ్లు.

కిందటి సెప్టెంబరులో, యూనియన్ సైన్యం నిజాం రాజ్యంలోకి దిగిన వారంలో, ఎవరు ఏలుతున్నారో ఎవరికీ తెలియని రోజుల్లో, పెద్దరోడ్డు మీద రెండు గుంపులు కలబడ్డాయి. రాళ్లు, సోడాసీసాలు, కర్రలు. అటువైపువాళ్లూ ఇటువైపువాళ్లూ సందువాళ్లు కారు. అబ్రహాం ఇంటి నుంచి వస్తున్న సుభాన్ వాళ్ల మధ్యన చిక్కుకుని, క్లారినెట్‌ను చొక్కా లోపల దాచుకుని పరుగెత్తుకొచ్చాడు. సందులో చారి కొట్టు ముందు ఆగాడు. తలుపు పలకలు వేసి ఉన్నాయి.

"తాతా, నేను సుభాన్‌ను. తలుపు తియ్యి!"

లోపల బ్రహ్మచారి గడియ మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. గొంతు సుభాన్‌దే. కాని వాడి వెనక ఎవరున్నారో? చెయ్యి పైకి లేవలేదు. వాడు మళ్లీ పిలిచాడు. అప్పుడు తీశాడు. తీసేసరికి ఎవరు విసిరారో తెలియని ఇటుకముక్క వాడి మూతి మీద పడింది. బ్రహ్మచారి వాణ్ణి లోపలికి లాగి పలక మూశాడు. పైవరుసలో ముందరి పళ్లు మూడు పోయాయి. చొక్కా లోపల దాచుకున్న క్లారినెట్‌కు గీత కూడా పడలేదు.

పుండు మానింది. పిల్లవాడు మాత్రం మానలేదు. ఆ వాయిద్యానికి పైపళ్ల ఆనిక లేనిదే గాలి నిలవదు, ఊదితే బుస్సుమంటుంది. వాడు క్లారినెట్‌ను గుడ్డలో చుట్టి దూలం మీద పెట్టేశాడు. మూతికి రుమాలు కట్టుకుని తల్లి పక్కన బీడీలు చుట్టేవాడు. నవ్వు వచ్చినప్పుడు గోడవైపు తిరిగేవాడు. గడియ మీద తన చెయ్యి ఎంతసేపు ఆగిందో బ్రహ్మచారి శ్యామలమ్మకు కూడా చెప్పలేదు.

పళ్లు కట్టే డాక్టర్లు కంటోన్మెంటులో ఉన్నారు, కాని వాళ్ల మెట్లు ఎక్కే తాహతు ఆ సందులో ఎవరికీ లేదు. ఒకరోజు రహమత్‌బీ వచ్చి ముక్కుపుల్ల తీసి చారి ముందు పెట్టింది.

"చారన్నా, ఇది కరగబెట్టి మా పోరనికి పండ్లు కట్టరాదే?"

"పండ్లా? నేను మట్టెలు చేసేటోణ్ణి చెల్లె."

"చెవులకు పెట్టేది చేస్తవ్, ముక్కుకు పెట్టేది చేస్తవ్. నోరు ఏం పాపం చేసింది?"

బ్రహ్మచారి ముక్కుపుల్ల తిరిగి ఇచ్చేసి, మర్నాటి నుంచి పళ్లు నేర్చుకోవడం షురూ చేశాడు. నేర్చుకోవడమంటే, కొట్టు ముందు నుంచి పోయే ప్రతివాడినీ ఆపి, "నోరు తెరువు," అనడమే. మంగలి తెరిచాడు. సోడా బండివాడు తెరిచాడు. నీళ్లకు పోయే ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వు ఆపుకోలేక, తెరిచారు. వారం తిరిగేసరికి చారి కొట్టు ముందు పొద్దున్నే నలుగురు నోళ్లు తెరుచుకుని నిలబడడం సందుకు అలవాటైపోయింది. ఏ పన్ను ఏ పన్నును ఆనుకుంటుందో, ఎక్కడ వంగుతుందో అతను మైనంతో అచ్చులు తీసుకున్నాడు. ఆ మైనం చెప్పులు కుట్టేవాళ్లు ఇచ్చారు. ఎదురింటి కమలాబాయి, ఏ పండక్కీ పెట్టెలోంచి తీయని తన తల్లి ఏనుగుదంతపు గాజు తెచ్చి పీట మీద పెట్టింది. పాతబడి కొంచెం పసుపురంగు తిరిగింది.

"అరిగిపోతది కమలా, మల్ల గాజు కాదు," అన్నాడు బ్రహ్మచారి.

"పెట్టెల ఉండి ఏం జేస్తది? ఆ పోరని నోట్ల ఉంటె దినాం ఒకసారి చూసుకుంట."

బంగారం కూడా అలాగే వచ్చింది. విరిగిన కొక్కెం ఒకరు, పిల్ల పారేసుకోగా మిగిలిన ఒంటిపోగు ఒకరు. రహమత్‌బీ ముక్కుపుల్ల మళ్లీ తెచ్చింది. ఈసారి చారి తీసుకున్నాడు.

ఈ రోజు ఆఖరి పన్ను ఇంకా చేతిలో ఉండగానే, మధ్యాహ్నం పన్నెండు కాకముందే అబ్రహాం మేస్త్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పెద్ద పొట్ట, దాని మీద బిగుసుకున్న ఎర్రకోటు గుండీలు.

"పెద్దయ్యా, మాఘమాసం లగ్గాలు. నిజామాబాద్ దిక్కు నెలదినాల పని ఒప్పుకున్న. సుభాన్ ఊదితె వాణ్ణే తోల్కపోత. లేకుంటె లాలాగూడ పిలగాడు కోటు ఏసుకోని కూసున్నడు. వాడొక్కసారి అడుగువెట్టిండంటె మల్ల నేను కాదనలేను. నన్ను తిట్టుకోకు."

"తిట్టుకోను. రెండింటికి రా."

సుభాన్ ఒక్కడే వచ్చాడు. తల్లిని రావద్దన్నాడట. రుమాలు విప్పి పీట ముందు కూర్చున్నాడు. మరుగునీళ్లలోంచి తీసిన బంగారు రేకు, దాని మీద వరుసగా మూడు దంతపు పళ్లు, రెండు వైపులా చిన్న కొక్కేలు. బ్రహ్మచారి వాడి గడ్డం పట్టుకుని నోరు తెరిపించి, పట్టకారుతో రేకును లోపలికి తోశాడు. కొక్కెం పక్కపన్నుకు చుట్టుకుంటోంది. వాడు కదలకూడదు, మాట్లాడకూడదు. ఐదు నెలలుగా దొరకని సమయం అదే అనిపించింది బ్రహ్మచారికి.

"సుభాన్, ఒకమాట ఇను. ఆనాడు నువ్వు తలుపు కొట్టినవ్ గద. నాకు ఇనవడ్డది. మొదటిసారి పిలిస్తెనే ఇనవడ్డది. భయమైంది. గడియ మీద చెయ్యి పెట్టి ఊకున్న. జల్ది తీసి ఉంటె..."

సుభాన్ కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరిచే ఉంది. చారి వేళ్లు రెండూ అందులోనే ఉన్నాయి.

"గదే చెప్పాలనుకున్న," అని కొక్కెం నొక్కి, బ్రహ్మచారి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

సుభాన్ కాసేపు పెదవులు కదిపి, నాలుకతో కొత్త పళ్లను తడిమి చూసుకున్నాడు.

"నాకెర్కే తాతా. పలకల సందుల నుంచి నీ కాళ్లు కనవడ్డయ్."

"ఎర్కేనా?"

"మూడిండ్ల తలుపులు కొట్టినంక నీ తాన్కి వచ్చిన. ఎవ్వలు తియ్యలే. నువ్వొక్కనివే తీసినవ్. జెర లేటయింది, పండ్లు పోయినయ్. నువ్వు గూడ తియ్యకపోతె తలకాయే పోతుండె."

బ్రహ్మచారి కళ్లజోడు తీసి ధోవతి అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు. అంతసేపూ వాడు అద్దంముక్కలో తన మూతి చూసుకుంటూనే ఉన్నాడు. పైపెదవి ఎత్తాడు, దించాడు. తర్వాత, గోడవైపు తిరగకుండా, నవ్వాడు.

వద్దన్నా అప్పటికే సందు సగం గుమ్మం ముందు చేరింది. రెండింటికి రమ్మన్న అబ్రహాం తన బ్యాండువాళ్లతో వచ్చాడు. రహమత్‌బీ క్లారినెట్‌ను గుడ్డ విప్పి పట్టుకొచ్చింది. సుభాన్ దాని మూతిని పళ్ల కింద ఆనించుకుని ఊదాడు.

బాతు అరిచినట్టు వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. సుభాన్ మళ్లీ ఊదాడు, ఈసారి కుండ పగిలినట్టు. వాడి మొహం నల్లబడింది. అబ్రహాం మేస్త్రి నేలచూపు చూశాడు.

"ఆగుండ్రి," అన్నాడు బ్రహ్మచారి. "ఊదకురా. ఇటియ్యి." రేకు బయటికి తీసి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కుకు ఆనించుకుని చూశాడు. నడిమి పన్ను కొన మీద క్లారినెట్ మూతి జారిన గీత సన్నగా కనిపించింది. ఆకురాయి అందుకున్నాడు. ఒకటి, రెండు, మూడు రుద్దులు. వేలిగోటితో తడిమాడు. ఇంకొకటి. మళ్లీ తొడిగాడు.

సుభాన్ కళ్లు మూసుకున్నాడు. ముందు ఒక్క స్వరం, సన్నగా, తడబడుతూ వచ్చింది. తర్వాత దాని చెయ్యి పట్టుకుని ఇంకొకటి. ఆ తర్వాత అవి ఆగలేదు. సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా కిటికీలు తెరుచుకున్నాయి. రహమత్‌బీ కమలాబాయి మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చేసింది. కమలాబాయి, "నా గాజు చూడుండ్రి, నా గాజు ఎట్ల పాడుతున్నదో!" అని అరిచింది. అబ్రహాం బొమ్మలా నిలబడి, ఉన్నట్టుండి తన మనుషుల మీద విరుచుకుపడ్డాడు: "నిలబడి చూస్తరేందిరా? డోలు ఏది? కోటు ఏది ఈ పోరనిది?"

స్టేషన్‌కు నడిచే పోదామన్నారు. ఊరికే ఎందుకు, వాయించుకుంటూ పోదామన్నారు. పెళ్లికొడుకు లేకుండా ఊరేగింపు ఏమిటని అబ్రహాం అడిగితే, ఎవరో చారిని ముందుకు తోశారు.

"నాకు వద్దు, కుంపట్ల నిప్పున్నది," అన్నాడు బ్రహ్మచారి.

"పెద్దయ్యా, నీ లగ్గానికి ఎవల బ్యాండు వచ్చిందే?" అన్నాడు అబ్రహాం.

జవాబు శ్యామలమ్మ చెప్పింది. ఆమెకూ అతనికీ పెళ్లయిన ఏడు ప్లేగు వచ్చింది. ఊరు ఊరంతా ఇళ్లు వదిలి బయట గుడిసెలు వేసుకుంది. ఆ గుడిసెల్లోనే తాళి కట్టాడు. ఆ తాళి కూడా అతనే చేసుకున్నాడు. పక్క గుడిసెలో ఏడుపు వినబడుతుంటే డప్పు కూడా వద్దన్నారు పెద్దలు. "గప్పటి సంది ఊరోళ్ల లగ్గాలకు మట్టెలు చేసుడే," అంది ఆమె, ఫిర్యాదు లేకుండా.

అంతే. ఇంకెవరూ అతని మాట వినలేదు. మంగలి నెత్తికి రుమాలు చుట్టాడు. కమలాబాయి శ్యామలమ్మ తలలో బంతిపువ్వు తురిమింది. అరవై ఏళ్ల పెళ్లికొడుకు, వంగిన భుజంతో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని నడిచాడు. పక్కన శ్యామలమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. నవ్వుకు కొంగు ఊగుతూనే ఉంది. వాళ్ల ముందు సుభాన్ వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ, వాళ్లిద్దరి మొహాలలోకి చూస్తూ ఊదాడు. పెద్దరోడ్డు మీద, ఆనాడు రాళ్లు పడ్డ మలుపు దగ్గర, జట్కాలు ఆగి దారిచ్చాయి. ఎవరి పెళ్లని ఒకాయన అడిగితే, రహమత్‌బీ "మా అన్నది!" అని గట్టిగా చెప్పింది.

బండి సరిగ్గా నాలుగింటికే కదిలింది. సుభాన్ కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఏదో అరిచాడు. ఇంజను కూతలో వినబడలేదు. పళ్లు మాత్రం కనబడ్డాయి. పెట్టెలన్నీ దాటిపోయాక కూడా కాసేపు అందరూ పట్టాలవైపే చూస్తూ నిలబడ్డారు. తర్వాత రహమత్‌బీ కళ్లు తుడుచుకుని, "నెల దినాలే గద," అంది, ఎవరూ అడగకుండానే.

ఎండ వాలేసరికి బ్రహ్మచారి కొట్టుకు తిరిగివచ్చాడు. కుంపట్లో నిప్పు బూడిదైంది. నెత్తి రుమాలు తీసి కొక్కేనికి తగిలించి, తన మూలన కూర్చోబోయి ఆగాడు. పీట మీద, ఆకురాళ్ల పక్కన, బయల్దేరే హడావుడిలో సుభాన్ సగం తిని వదిలేసిన జామపండు ఉంది. దాని తెల్లటి కండ మీద వరుసగా పంటిగాట్లు. వాటిలో నడిమి మూడూ ఆకురాయితో దిద్దినంత తిన్నగా ఉన్నాయి.