పాడని జోడి

మా పేపర్లో కళల వార్తంటే నాలుగు ముక్కలు. ఫలానా వారు ప్రదర్శన ఇచ్చారు, ప్రేక్షకులు మంత్రముగ్ధులయ్యారు, అతిథులు జ్యోతి వెలిగించారు, కళాకారులకు శాలువాలు కప్పారు. కళ్యాణదుర్గంలో మా నాయన కిరాణా అంగడి చూసుకుంటూ ఈ వార్తలు పంపుతుంటాను. శాలువాల గురించి రాసి రాసి నాకు మొహం మొత్తింది. అందుకే కంబదూరులో ఆడవాళ్లకు చెక్కభజన నేర్పుతున్నారని తెలిసినప్పుడు, అతిథులెవరూ రాని మామూలు రోజు చూసుకుని బస్సెక్కాను.

బడి వదిలాక ఆ మైదానం వాళ్లదే. వేరుశనగ చెట్ల నుంచి కాయ తెంపే పని ముగించుకుని నేరుగా వచ్చినట్టున్నారు, చీరల అంచులకు ఇంకా ఎర్రమట్టి అంటుకునే ఉంది. నేర్పే గురువు నాగన్న. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల మగవాళ్ల బృందాలన్నీ ఆయన తయారుచేసినవేనట. వానలు లేక వాళ్లంతా బెంగళూరు పనులకు పోయారు. అటక మీద పడి ఉన్న చెక్కల్ని వాళ్ల ఆడవాళ్లే దించి, దుమ్ము దులిపి, మాకు నేర్పమని ఆయన ముందు కూర్చున్నారు. ఆయన మూడు రోజులు మొహం తిప్పుకుని, నాలుగో రోజు గజ్జెలు తెమ్మన్నాడు.

చెక్కభజన చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. చేతుల్లో ఇత్తడి బిళ్లలు బిగించిన చెక్కలు, కాళ్లకు గజ్జెలు. గురువు ఒక వరస పాడితే బృందమంతా అందుకుంటుంది. పాట మలుపు తిరిగే చోట అడుగు మారుతుంది. ఇద్దరిద్దరు జోడీగా ఎదురెదురు నిలబడతారు. నాగన్న దగ్గర ఒక కట్టుబాటు ఉంది. మొదటి రోజు కట్టిన జోడీని ఆయన విడదీయడు. ఒకరికి జ్వరం వస్తే రెండోవారు కూడా గట్టున కూర్చోవలసిందే.

ఆ రోజు నా చూపు ఒక జోడీ దగ్గర ఆగిపోయింది. ఒకామె లక్ష్మక్క, బృందానికి పెద్దదిక్కు, గొంతూ పెద్దదే. ఆమెకు ఎదురుగా కృపాకుమారి. ఎవరైనా తడబడితే ఆమె కాళ్లు చూసి సర్దుకుంటున్నారు. అంత శుభ్రంగా పడుతోంది ఆమె అడుగు. కానీ ఆమె పాడటం లేదు. రాముడి పాటను అందరూ ఎత్తుకుంటే ఆమె పెదవులు మాత్రం అంటుకుపోయినట్టు ఉన్నాయి. మర్చిపోయిందేమో అనుకున్నాను. రెండో పాటా అంతే, మూడో పాటా అంతే.

ఏదైనా తెలియకపోతే నాకు అన్నం సహించదు. విరామంలో ఒకామెను అడిగితే కృపాకుమారికి గొంతు బాగాలేదంది. ఇంకొకామె, దానికి పాట రాదు అంది. మూడో ఆమె, పంటి నొప్పి అని చెప్పి పక్కనున్నవాళ్ల వీపు మీద చరిచి నవ్వింది. మూడు నోళ్లలో మూడు కారణాలు వచ్చాయంటే అసలుది నాలుగోది అన్నమాట. నాగన్నను అడిగితే ఆయన నన్ను కసిరాడు.

"కాళ్లు చూడమ్మా. నోట్లో ఏముండాది?"

వార్త రాసి పంపేశాను కానీ మనసు ఆ మూసిన పెదవుల దగ్గరే ఉండిపోయింది. ఆదివారం అంగడి మా నాయనకు అప్పగించి మళ్లీ కంబదూరు పోయాను. ఈసారి నేరుగా కృపాకుమారినే అడుగుదామని. వాళ్ల ఇల్లు ఊరి చివర. తలుపు గొళ్లెం పెట్టి ఉంది. ఆ వీధి మలుపులో ఉన్న రేకుల చర్చి దగ్గర చెక్కలు మోగుతున్నాయి.

ఆ రోజు వాళ్లకు కోతల పండుగట. పండిన పంటలో కొంత తెచ్చి దేవుని ముందు పెట్టే రోజు. పండింది ఏమంత లేదు. అయినా గంపల్లో వేరుశనగ కాయలు, జొన్న కంకులు, రెండు గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన ఒక కోడి ఉన్నాయి. వాటి ముందు చెక్కభజన జరుగుతోంది. ఎగురుతున్నది వేరే ఎవరో కాదు, మైదానంలో నేను చూసిన బృందమే. నుదుట పెద్ద బొట్టుతో లక్ష్మక్క, ఆమె వెనక పంటి నొప్పి కథ చెప్పిన మనిషి, అందరూ ఉన్నారు. మధ్యలో కృపాకుమారి పాడుతోంది. ఏం గొంతు! పై రేకులు అదురుతున్నాయి. యేసు మీద పాట అది. చర్చి జనం ఆమె వెంట పాడుతున్నారు. లక్ష్మక్క, తక్కిన ఆడవాళ్లు మాత్రం పెదవులు బిగించి, ఒక్క అక్షరం పలకకుండా అడుగులు వేస్తున్నారు.

నేను వాకిట్లో అలాగే నిలబడిపోయాను. ఇంత పెద్ద సంగతి పక్క ఊళ్లో జరుగుతుంటే నేను శాలువాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను కదా అని నా మీద నాకే కోపం వచ్చింది.

ఆట అయ్యాక లక్ష్మక్క చెమట తుడుచుకుంటూ నా పక్కన కూర్చుంది. దాచడానికి ఇక ఏమీ లేదు కాబట్టి తానే చెప్పింది. ఎవరూ కూర్చుని పెట్టుకున్న నియమం కాదట ఇది. మొదటి రోజు రాముడి పాట మొదలవగానే కృపాకుమారి నోరు మూసుకుంది కానీ అడుగు ఆపలేదు. వీళ్లూ ఏమీ అనలేదు. ఈ పండుగకు ఆమె వీళ్లను పిలిచింది. వీళ్లు వచ్చారు, ఆమె మైదానంలో ఎలా ఉంటుందో ఇక్కడ అలాగే ఉన్నారు. దీని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది కూడా లేదట.

కృపాకుమారి మంచినీళ్ల చెంబు తెచ్చి నా చేతికిచ్చింది. ఎందుకక్కా పాడకుండా అంత కష్టపడడం, ఎగరడమే మానేయొచ్చు కదా అని అడిగాను.

"పాడితే నేను అబద్ధమాడినట్ల అవుతాది," అంది. "ఎగరకుండా ఇంట్లో కూచున్నా అదీ అబద్ధమే కదమ్మా."

అనంతపురంలో ఒక కళావేదిక ఏటా జానపద ఉత్సవం జరుపుతుంది. బట్టల అంగడి బదరీనారాయణ గారు తమ తండ్రి పేరు మీద నడుపుతున్నారు. ఈ బృందం దానికి సెల్‌ఫోన్‌లో వీడియో తీసి పంపింది. అందరికంటే ఎక్కువ ఆశ కృపాకుమారిది. ఆమె కూతురు అంజలి అనంతపురంలో నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటోంది. తల్లి చెక్క పట్టుకోవడం ఆ పిల్ల ఇంతవరకు చూడలేదు. మా అమ్మ స్టేజీ ఎక్కుతుందని హాస్టలంతా చెప్పుకుందట. ఆ మాట చెబుతున్నప్పుడు కృపాకుమారి మొహం చిన్నపిల్ల మొహంలా అయింది.

వేదిక నుంచి ఫోన్ వచ్చిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. బృందం బాగుంది, రండి అన్నారు బదరీనారాయణ గారు. ఒక్కటే లోపం, రెండో వరసలో ఒకామె పాడటం లేదు, ఆమె బదులు వేరేవారిని పెట్టుకోండి అన్నారు. నాగన్న ఏదో చెప్పబోయాడు కానీ అవతల ఫోన్ పెట్టేశారు.

కృపాకుమారి గజ్జెలు విప్పి లక్ష్మక్క ఒళ్లో పెట్టింది. మీరు పోయి రండి అంది. లక్ష్మక్క ఆ గజ్జెలను, తర్వాత నాగన్నను చూసింది. జోడీ విడితే ఇద్దరూ గట్టునే అని ఆయన కట్టుబాటు. అది ఆయనకూ గుర్తుంది. తల దించుకుని చెక్కకున్న బిళ్ల తిప్పుతూ కూర్చున్నాడు. ఆ పూట సాధన జరగలేదు.

నాకు ఒళ్లు మండింది. పొద్దున్నే అనంతపురం పోయి బదరీనారాయణ గారి అంగడిలో కూర్చున్నాను. మా నాయనకు ఎరిగిన మనిషి, నన్ను చిన్నప్పటి నుంచి చూసినవారు. కాఫీ తెప్పించారు. నేను చూసిందంతా చెప్పాను, చర్చి ముందు చెక్కభజనతో సహా. ఆయన మర్యాదగా విన్నారు. చెడ్డవారైతే పోట్లాడి రావచ్చు, మంచివారితోనే చిక్కు.

"ఆమె ఎవరని నేను అడగలేదు కదమ్మా," అన్నారు. "భజన అంటే నోటితో చేసేది. అందరూ పాడతాంటే ఒకరు నోరు మూసుకుంటే, నేసిన గుడ్డలో పోగు తెగినట్ల అదొక్కటే కనపడతాది. అందరూ ఒక్క తీరుగా ఉండల్ల. అంతే నా నియమం."

నేను కాఫీ తాగి వచ్చేశాను.

ఆ కబురు కంబదూరు మోసుకుపోయి మైదానంలో చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది, ఏదో సాధించుకొస్తానని వెళ్లినదాన్ని. లక్ష్మక్క మాత్రం ఆయన మాటలు ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంది.

"పాడల్ల అన్నాడా, ఒక్క తీరుగా ఉండల్ల అన్నాడా?"

రెండూ అన్నారని చెప్పాను. కడాకు ఏమన్నాడు అని అడిగింది. ఒక్క తీరుగా ఉండాలి, అంతే నా నియమం అన్నారని చెప్పాను. ఆమె గట్టు మీద కూర్చుని ఉన్న కృపాకుమారి దగ్గరికి పోయి, ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, గజ్జెలు తన చేతులతో కట్టింది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. ఉత్తుత్తిగా పెదవులు ఆడించమని ఒప్పించి ఉంటుందని అనుకున్నాను. ఆ ఊహ నాకు నచ్చలేదు, కానీ అంతకంటే దారి కనిపించలేదు.

ఉత్సవం రోజు హాలు నిండింది. జ్యోతి వెలిగించారు, ఉపన్యాసాలు అయ్యాయి. అంజలి స్నేహితురాళ్లను వెంటేసుకుని వచ్చి ముందు వరసల్లో కూర్చుంది. మెడ చాచి తెర పక్క సందులోకి చూస్తోంది. నేను గోడ వారన నిలబడ్డాను. నా చూపంతా కృపాకుమారి పెదవుల మీదే.

పసుపు చీరల్లో బృందం వచ్చి జోడీలుగా నిలబడింది. నాగన్న మైకు ముందు నిలబడి రాముడి పాట మొదటి వరస ఎత్తుకున్నాడు. చెక్కలు మోగాయి, గజ్జెలు కదిలాయి. బృందం అందుకోవలసిన చోటు వచ్చింది. ఒక్క గొంతు కూడా లేవలేదు.

మైకు పాడైందేమో అని జనం అటూ ఇటూ చూశారు. నాగన్న మళ్లీ అదే వరస పాడాడు. మళ్లీ ఎవరూ అందుకోలేదు. అప్పుడు ఆయన తల తిప్పి చూశాడు. లక్ష్మక్క పెదవులు బిగించి ఉంది. ఆమె పక్కామె, వెనకామె, అందరూ అంతే. అందరూ ఒక్క తీరుగా ఉన్నారు. ఆయనకు ముందే చెప్పలేదని ఆ మొహం చూస్తేనే తెలిసింది. మైకు పక్కకు నెట్టి, నడుముకు దోపుకున్న తన చెక్కలు తీశాడు.

పాట లేని చెక్కభజన నేను ఎన్నడూ వినలేదు. కొయ్య మీద కొయ్య, ఇత్తడి మీద ఇత్తడి, నేల మీద కాళ్లు, అంతే. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత చిక్కు వచ్చింది. పాట ఉంటే అడుగు ఎక్కడ మార్చాలో పాటే చెబుతుంది. ఇప్పుడు ఎవరు చెబుతారు? ముందు వరస మారింది, వెనక వరస మారలేదు. లక్ష్మక్క ఎదురుగా ఉన్న కృపాకుమారిని దాటి పోయింది. ఎవరి చెక్కలో జారి కింద పడ్డాయి. హాల్లో ఎవరో నవ్వారు. వీళ్ల పరువు ఇక్కడే పోతుంది, ఆ పిల్ల కళ్ల ముందే పోతుంది అనుకున్నాను.

అప్పుడు వినిపించింది ఆ కేక.

"మళ్లండి!"

కృపాకుమారిది. మైకు అక్కర్లేని గొంతు. చెదిరిన వరసలు ఆ కేకకు గిర్రున తిరిగి జోడీల్లోకి వచ్చేశాయి. "వెనక్కి!" అంది, వెనక్కి వెళ్లాయి. "ఎగురు!" అంది, గజ్జెలన్నీ ఒకేసారి లేచి ఒకేసారి దిగాయి. నవ్వినవాళ్లు నిశ్శబ్దమయ్యారు. నాగన్న ఆమె కేకకు తన చెక్క కలిపాడు. గురువు శిష్యురాలి వెంట నడవడం నేను చూడటం అదే మొదలు. అంజలి కుర్చీలోంచి లేచి నిలబడింది. వెనకవాళ్లు కూర్చోమన్నా ఆ పిల్లకు వినపడలేదు. నాకు కళ్లు నిండి స్టేజీ అలుక్కుపోయింది. నేను తుడుచుకునేసరికి చివరి అడుగు పడిపోయింది.

చప్పట్లు చాలాసేపు మోగాయి. బదరీనారాయణ గారు శాలువాలతో స్టేజీ ఎక్కారు. ఆయన మొహంలో కోపం ఉందో లేదో తెలుసుకోవాలని నేనూ వెనకే ఎక్కాను. కోపం లేదు, కానీ మనిషి కుదురుగా లేరు. వరసగా అందరికీ కప్పుకుంటూ వచ్చి కృపాకుమారి దగ్గర ఆగారు. శాలువా ఆయన చేతిలోనే ఉంది.

"ఇంత గొంతు పెట్టుకొని ఎందుకు పాడవమ్మా?" అన్నారు.

"పాడతా సార్," అంది కృపాకుమారి. "ఆదివారం మా చర్చికి రండి."

ఆయన శాలువా మడత విప్పి మళ్లీ మడిచారు. లక్ష్మక్క ఆయనకు దగ్గరగా జరిగి, కొత్తగా అత్తగారింటికి పోయే పిల్లకు ధైర్యం చెప్పినట్టు, మెల్లగా అంది.

"ఏం కాదు సార్. చెప్పులు బయట ఇడిసి, నోరు మూసుకొని కూచుంటే చాలు. మేమంతా పోతాం కదా."