మీ సందేశం అందింది

నేను ఒక ఫారంని. కాకినాడలో వీర్రాజు గారి వినికిడి మిషన్ల షాపు వెబ్‌సైట్‌లో, చివరి పేజీలో పుట్టాను. పేరు, ఊరు, ఫోను నంబరు, మీ మాట అని నాలుగు గళ్ళు, కింద ఒక బటను. నొక్కితే 'ధన్యవాదాలు. మీ సందేశం అందింది' అంటాను. ఎవరికి అందిందని మాత్రం అడగకండి.

మా సైటు ముందే అచ్చేసి గోడకు అంటించిన పోస్టరు లాంటిది. దాని వెనక మనిషి ఉండడు. నాలో రాసినదాన్ని అందుకుని షాపుకు మెయిలు చేసే సర్వీసు ఒకటి వేరే పెట్టుకుని, దాని అడ్రసు నాకివ్వాలి. నన్ను తయారుచేసిన ప్రహర్ష అనే మహానుభావుడు ముందు ధన్యవాదాలు రాసి, అడ్రసు సంగతి తర్వాత చూద్దామనుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కొబ్బరికాయ కొట్టి, లాప్‌టాప్‌కి బొట్టు పెట్టి మరీ ప్రారంభించారు.

నెలలు గడిచినా ఒక్క మెసేజీ రాకపోయేసరికి వీర్రాజు గారికి అనుమానమొచ్చింది.

"ఆ ఫారం పన్జేత్తందంటారా?"

ప్రహర్ష బటను నొక్కాడు. నేను ధన్యవాదాలు అన్నాను. "చూశారా, బ్రహ్మాండంగా పనిచేస్తోందండి," అన్నాడు. మెయిలు వచ్చిందో లేదో ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

"అవసరమైనోళ్ళు ఫోను చేత్తార్లెండి," అని వీర్రాజు గారు టీ తెప్పించారు. చెవులు వినపడనివాళ్ళతో వ్యాపారం చేసి మేడ కట్టిన మనిషి అన్న మాట ఇది.

తునిలో లోవలక్ష్మి ఫోను చేయలేదు. పసిపిల్ల తల్లి. ఆవిడ చెవి మిషన్ ఆగిపోయింది. 'పాప ఏడిస్తే తెలియడం లేదు. ఎప్పుడు రమ్మంటారు?' అని నాకు రాసింది. అందిందన్నాను. మర్నాడు మళ్ళీ రాసింది. మళ్ళీ అందిందన్నాను. నోరు మూసుకోవాలనిపించింది గాని, నాకు నేర్పింది ఆ ఒక్క మాటే.

చివరికి పిల్లను చంకనెత్తుకుని బస్సెక్కి షాపుకే వచ్చింది. తన ఫోనులో నా మాట చూపించింది.

"అందిందన్నారు కదండీ. పిలుత్తారని కూకున్నానండి. నేను వంటింట్లో ఉంటే పిల్ల మంచం మీంచి పడి గుక్కపట్టి ఏడ్సిందంట. పక్కింటావిడ వచ్చేదాకా నాకు తెలీలేదండి."

పాప నుదుటి మీద బొప్పి ఇంకా తగ్గలేదు. వీర్రాజు గారు మిషన్ బాగుచేయించి ఇచ్చి, ప్రహర్షను పిలిపించారు. అతను నన్ను విప్పి చూసి, "ఇదంతా తలనొప్పండి, తీసేద్దాం," అన్నాడు. తప్పు అతనిది, తలనొప్పి నేను.

ఇప్పుడు పాత ఫోల్డరు అడుగున పడి ఉన్నాను. నా చోట ఎర్రటి పెద్ద అక్షరాలతో ఫోను నంబరు పెట్టారు. దాని పైన ఇలా ఉంది: 'చెవులు వినపడటం లేదా? వెంటనే ఫోన్ చేయండి.'