వినపడని రెండు వందల చోట్లు

తప్పు నాదే. పుణె దగ్గర రేడియో టెలిస్కోపు మీద పరిశోధనకు చేరిన కొత్తలో మా ఊరు బోధన్ వచ్చి, రెండు స్టేషన్ల మధ్య రేడియో చేసే గరగర చప్పుడులో కొంత ఆకాశం నుంచే వస్తుందని అవ్వకు, అంటే మా అమ్మకు, గొప్పలు చెప్పాను. అప్పటికి మా అన్న రాజేశ్వర్ చెరకు లారీ ఎక్కి వెళ్లి మూడేళ్లు. మనిషి లేడు, కబురూ లేదు. ఆ రోజు నుంచి అవ్వ అన్న రేడియోను ఏ స్టేషనూ పలకని చోట పెట్టి, చెవి ఆనించి కూర్చునేది.

1999 వేసవిలో మళ్లీ వచ్చాను, నిజామాబాద్ వకీలు రాసిచ్చిన కాగితంతో. ఏడేళ్లుగా కొడుకు ఆచూకీ లేదు, చనిపోయాడనే నమ్ముతున్నాను అని అవ్వ వేలిముద్ర వేయాలి. అది వేస్తేనే రేణుక వదినకు దారి. ఇందల్వాయి మనిషి ఒకతను ఆమెను చేసుకుంటానని రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. వదిన ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల వంచుకునే ఉంది.

అవ్వ కాగితం ముట్టుకోలేదు. "నీ పని ఎంతదాక వచ్చింది బిడ్డా?" అంది. మాట దాటేస్తోందని నాకు ఒళ్లు మండింది. అయినా చెప్పాను. ఎక్స్‌రేలతో ఆకాశమంతా గాలించినవాళ్లు గెలాక్సీల జాబితా ఒకటి ఇచ్చారు, వాటి నుంచి రేడియో చప్పుడు కూడా వస్తోందా అని మేం వెతుకుతున్నాం, రెండు వందల చోట్ల ఏమీ వినపడలేదు అన్నాను.

"గట్లయితే లేదని రాస్తవా?"

"లేదని రాయమవ్వా. ఉంటె గింతకన్న సిన్నగ ఉంటది, మాకైతే ఇనవడలే అని రాస్తం."

"మరి నా కొడుకు లేడని నాతోని ఎట్ల ఏలు పెట్టిస్తున్నవ్?"

వదినే తలెత్తింది.

"అత్తా, నేను గీడనే ఉన్న గద. నా సప్పుడు ఇనవడ్తలేదా నీకు?"

అవ్వ ఆమె వైపు తిరిగింది. తర్వాత పక్కన గరగరమంటున్న రేడియో కట్టేసి, వేలు చాపింది. ముద్ర వేశాక రేడియోను నా సంచిలో పెట్టి, "ఇగ నువ్వు ఇను. నీ పనే గద" అంది.

పుణె వెళ్లాక ఆ రెండు వందల ఖాళీ చోట్ల చిత్రాలను, గరగర తగ్గేలా, ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీశాను. విడివిడిగా చూస్తే ఏమీ లేనివాటి నట్టనడుమ ఒక మసక చుక్క తేలింది. మా గైడు చప్పట్లు కొట్టాడు. నాకు మాత్రం అవ్వ వేసిన ముద్ర గుర్తొచ్చింది. చప్పుడు మొదటి నుంచీ అక్కడే ఉంది, మేమే సరిపడా వినలేదు.

ఇంటికి ఉత్తరం రాశాను. వదిన పెళ్లి ఎప్పుడని అడిగాను. చుక్క సంగతి రాయలేదు. ఇప్పుడు సాయంత్రాలు అన్న రేడియో ముందు నేను కూర్చుంటున్నాను, ఏ స్టేషనూ పలకని చోట పెట్టుకుని.