తలకిందుల హీరో కింద బంగారమ్మ

నేను ఒక పిన్ను బ్యాడ్జీని. రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్ద, అప్పడంకంటే బాగా చిన్న. ఎన్నికలప్పుడు, సభలప్పుడు, కాలేజీ వార్షికోత్సవాలప్పుడు జేబు పైన గుచ్చుకుంటారే, ఆ జాతి. మనిషికి తన మనసులో మాట నోటితో చెప్పడానికి మొహమాటం. అందుకని గుండెమీద ఒక రేకుముక్క తగిలించుకుని దానిచేత చెప్పిస్తాడు. అభ్యర్థి ఓడిపోతే మాత్రం ఆ రేకుముక్క ఎవరిదో తనకు తెలియనట్టు నటిస్తాడు.

మా వంశం గొప్పదేనట. పద్దెనిమిది వందల తొంభయ్యారులో అమెరికా ఎన్నికల్లో మా ముత్తాతలు లక్షలకొద్దీ పుట్టారట. బొమ్మ కాగితంమీద పల్చటి సెల్యులాయిడు పొర కప్పి, రేకుకు బిగించి, వెనక పిన్ను పెట్టడం అప్పుడే ఊపందుకుందట. నేను పుట్టింది మాత్రం కాకినాడ సినిమా రోడ్డు వెనక సందులో, కొప్పిశెట్టి పేర్రాజు రబ్బరుస్టాంపుల కొట్లో. చేత్తో నొక్కే చిన్న మిషను ఉండేది ఆయనకు. రేకుమూత పెట్టి, దానిమీద కాగితం, కాగితంమీద ప్లాస్టిక్ పొర పరిచి, కింద పిన్ను రేకు అమర్చి మీట నొక్కితే, 'కటక్' మని ఒక జన్మ. పేర్రాజు ఆ మీట నొక్కుతూనే పొరుగు కొట్టువాడితో రాజకీయాలు మాట్లాడేవాడు. మా పుట్టుకలో శ్రద్ధ అంతంతమాత్రం.

నా మొదటి ముఖం సంగాడి బంగారమ్మది. జగన్నాథపురం వంతెన అవతల చేపలమ్మే మనిషి. వీధికి కొళాయి వేయమని మూడేళ్ళు మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి, విసుగెత్తి, కౌన్సిలరు ఎన్నికల్లో తనే నిలబడింది. నామినేషన్ కోసం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి స్టూడియోకి వెళ్ళి ఫోటో దిగింది. ఆ ఫోటోనే బ్యాడ్జీలమీద వేయించింది. మూడు వందలు చేయించి, వంద పట్టుకెళ్ళి, మిగతావి కొట్లోనే ఉంచమంది.

"గెలిత్తే ఊరేగింపుకి పట్టుకెల్తానండి, అట్టిపెట్టండి" అంది.

గెలవలేదు. వీధిలో సగంమంది ఆమె దగ్గర చేపలు అరువు తీసుకుని, ఓటు మాత్రం ఇంకొకరికి వేశారు. బంగారమ్మ మళ్ళీ కొట్టువైపు రాలేదు. మేము రెండు వందలమంది డబ్బాలో పడి ఉన్నాం, ఒకే ముఖంతో, ఒకరినొకరు చూసుకుంటూ.

రెండు నెలలకు ఒక హీరోగారి సినిమా విడుదల. పేరు చెప్పను. చెబితే ఆయన అభిమానులు నన్ను వెతుక్కుంటూ వస్తారు. అభిమాన సంఘంవాళ్ళు తెల్లారేసరికి రెండు వందల బ్యాడ్జీలు కావాలన్నారు. పేర్రాజు దగ్గర రేకు లేదు, మేమున్నాం. వెనక రేకులు ఊడదీశాడు. బంగారమ్మ కాగితం, దానిమీది పొర తీయడానికి బద్ధకించి, వాటిమీదే హీరోగారి కాగితం, కొత్త పొర పరిచి మళ్ళీ 'కటక్' మనిపించాడు. పనిలో పొదుపు అంటే అదీ. కానీ ఆ తొందరలో పిన్ను ఏ వైపు ఉందో చూసుకోలేదు.

మర్నాడు మొదటి ఆటకు, రెండు వందల గుండెలమీద రెండు వందల హీరోలు తలకిందులుగా వేలాడారు. సంఘం అధ్యక్షుడు పూలదండ వేసుకుని, ఛాతీ విరుచుకుని నిలబడితే, పోటీ హీరో అభిమానులు రోడ్డుమీద కూర్చుని మరీ నవ్వారు. "మీవోడు శీర్షాసనం ఎప్పుడు నేర్చుకున్నాడ్రా!" అన్నారు. అధ్యక్షుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, ఆ నీళ్ళు నిజమైనవే. ఇంటర్వెల్‌కల్లా మావాళ్ళందరినీ పీకి, గోనెసంచిలో కట్టి, వంతెనమీంచి ఉప్పుటేట్లో పారబోశారు. నేను ఒక్కదాన్నే మిగిలాను, అదీ నా గొప్పతనం కాదు. వేరుశెనక్కాయలమ్మే కొండయ్య చొక్కాకు గుండీ ఊడిపోతే, కింద దొరికిన నన్ను అక్కడ గుచ్చుకున్నాడు. పదకొండేళ్ళు ఆయన పొట్ట మూసిపెట్టాను. ఇంత నికరమైన ఉద్యోగం నేను మళ్ళీ చేయలేదు.

అక్కడే ఆకొండి విశ్వపతిగారు నన్ను చూశారు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు, బ్యాడ్జీలు పోగుచేసేవారు. కొండయ్యకు కొత్త చొక్కా కొనిచ్చి నన్ను తీసుకున్నారు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు నల్ల మఖమల్ బోర్డు మధ్యలో నా సింహాసనం. నా కింద చీటీ: 'తలకిందుల అచ్చు. తెలిసినంతవరకు ఇదొక్కటే.' నన్ను చూపించడానికి ఆయన కళ్ళద్దాలు రెండుసార్లు తుడిచేవారు. సొంత పెళ్ళిలో కూడా ఆ మనిషి అంత మురిసిపోలేదని వాళ్ళావిడ సీతామాలక్ష్మిగారు అనేవారు. సరిగ్గా చేసినదానికి విలువ లేదు, తప్పుగా చేసినదానికి మఖమల్! మనుషుల లెక్క నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

ఇన్నేళ్ళలో కింద ఉన్న బంగారమ్మ సంగతి ఎవరూ అడగలేదు. నాకు తెలుసు, నేను చెప్పలేను.

ఈ మధ్య టౌన్‌హాల్లో విశ్వపతిగారి సేకరణ ప్రదర్శన పెట్టారు. ఆదివారం పేపర్లో నా ఫోటో పడింది. మూడోనాడు ఒకావిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, చేతికి చేపల వాసన, కొంగు నడుముకు బిగించి ఉంది. వెనకాలే డెబ్బై దగ్గరపడ్డ పేర్రాజు, తప్పుచేసిన బడిపిల్లాడి మొహంతో.

"ఆయ్, నా పేరు నూకరత్నమండి. బంగారమ్మగారి అమ్మాయినండి. ఆ హీరోగారి కింద మాయమ్మ ఉందండి" అంది, నన్ను చూపించి.

విశ్వపతిగారికి అర్థం కాలేదు. పేర్రాజు తలవంచుకుని అంతా చెప్పాడు. నూకరత్నానికి ఎనిమిదో ఏట తల్లి జ్వరంతో పోయింది. ఆ తర్వాతి తుఫానుకు ఇల్లూ, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోటో కొట్టుకుపోయాయి. స్టూడియో మూతపడింది, ఎన్నికలప్పుడు పంచిన వంద బ్యాడ్జీలూ ఎవరి దగ్గరా మిగల్లేదు. పెద్దదైనప్పటినుంచి ఆమె పేర్రాజు కొట్టుకు వచ్చి, "మాయమ్మ బ్యాడ్జీ ఒక్కటైనా ఉందా అండి?" అని అడుగుతూనే ఉంది. ఓడిపోయిన మనిషి ముఖంమీద హీరోని అతికించానని చెప్పడానికి సిగ్గుపడి, ఆయన ప్రతిసారీ పారేశానని అబద్ధమాడాడు. పేపర్లో నన్ను చూశాక నిద్రపట్టక, తనే చేపల మార్కెట్టుకు వెళ్ళి ఒప్పుకున్నాడు.

"తెరవాలంటే దీన్ని పాడుచెయ్యాలి కదమ్మా" అన్నారు విశ్వపతిగారు. గొంతులో మర్యాద ఉంది, నన్ను పట్టుకున్న చేతిలో లేదు. నలిగిపోయేంత గట్టిగా పట్టుకున్నారు. "పైగా ఇన్నేళ్ళకు ఆ కాగితం అంటుకుపోయి ఉంటుంది. చిరిగితే నీకూ దక్కదు, నాకూ దక్కదు. వచ్చే నెల హైదరాబాదులో దీనికి బహుమతి ఇస్తామన్నారు."

"ఆయ్, తమరి ఇష్టమండి" అంది నూకరత్నం. వెళ్ళిపోలేదు. నాకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. మర్నాడూ చేపలమ్ముకుని వచ్చి కూర్చుంది. మూడోరోజూ అంతే. చూడడానికి వచ్చినవాళ్ళు ఆమె హీరోగారి వీరాభిమాని అనుకుని, ఆయన పాత సినిమాల గురించి అడిగారు. ఒకాయన ఫోటో కూడా తీసుకున్నాడు.

నా సంగతీ చెప్పాలి. నాకు భయం వేసింది. తెరిచిన బ్యాడ్జీకి సేకరించేవాళ్ళ లోకంలో రేకుముక్క అని పేరు. మఖమల్ పోతుంది, చీటీ పోతుంది. కింద ముఖం బాగుందో, బూజుపట్టిందో నాకే తెలియదు. ఎవరి పొట్టలో ఉన్నది వాళ్ళకు కనపడదు కదా! ఆమె వెళ్ళిపోతే బాగుండునని కూడా అనుకున్నాను. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

నాలుగోరోజు సీతామాలక్ష్మిగారు క్యారేజీ పట్టుకొచ్చి, నూకరత్నానికి మజ్జిగ ఇచ్చి అడిగారు. "అమ్మాయ్, ముఖం నీకు గుర్తుంది కదా. ఆ బొమ్మ లేకపోతే ఏం?"

నూకరత్నం గ్లాసు కింద పెట్టింది. "లేదండి. ముందు గాజులు గుర్తుండేయి, గొంతు గుర్తుండేది. మొకం ఎప్పుడు పోయిందో తెలవలేదండి. మా పిల్ల అమ్మమ్మ ఎలాగుండేది అనడిగితే ఏదో ఒకటి చెప్పేత్తన్నాను. ఇప్పుడు ఎదురుగా నిలబడినా నేను గుర్తుపట్టలేనేమోనండి. అదే నా బయ్యం."

విశ్వపతిగారు కళ్ళద్దాలు తీశారు. ఈసారి అద్దాలు కాదు, కళ్ళు తుడుచుకున్నారు. బోర్డుమీంచి నన్ను తీసి పేర్రాజు చేతిలో పెట్టారు.

"నువ్వు మూశావు. నువ్వే తెరువు. చిరిగిందో, నిన్ను ఊరుకోను" అన్నారు.

పేర్రాజు ఇంటికి వెళ్ళి పాత మిషను గోనెలో చుట్టుకుని తెచ్చాడు. సన్నటి స్క్రూడ్రైవరు నా అంచుకింద దూర్చాడు. ఈసారి పక్కవాళ్ళతో రాజకీయాలు మాట్లాడలేదు. రేకు మూలిగింది. పిన్ను రేకు ఊడింది. పై పొర వచ్చింది. హీరోగారు అంచుల్లో రెండుచోట్ల చిరిగి, మొత్తానికి పక్కకు తప్పుకున్నారు. ఆయన జీవితంలో ఇంకొకరికోసం పక్కకు తప్పుకోవడం అదే మొదలనుకుంటాను. కింద బంగారమ్మ తన పొర తాను కప్పుకునే ఉంది. ఒక్క మరక లేదు. నిన్న దిగిన ఫోటోలా ఉంది.

పేర్రాజు ఆ రేకుమూతను నూకరత్నం అరచేతిలో పెట్టాడు. ఆమె చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకుని సీతామాలక్ష్మిగారు భుజంమీద చెయ్యి వేశారు. ఏడవలేదు. ఆశ్చర్యంగా మొహం ఎత్తింది.

"ఇదేటండీ, ఇంత చిన్నపిల్లా మాయమ్మ?"

ఫోటోలో బంగారమ్మకు ఇరవయ్యారు. చెయ్యి చాచిపట్టిన కూతురికి నలభై నాలుగు. ఇన్నేళ్ళూ ఆమె తనకంటే పెద్ద మనిషికోసం వెతికింది. "ఈ వయసులో ఎలక్షన్లో ఎలా నిలబడ్డావే? బయ్యం ఎయ్యలేదూ?" అని అడిగింది, కూతుర్ని కోప్పడినట్టు, ముద్దుచేసినట్టు. అప్పుడు ఏడ్చింది.

విశ్వపతిగారు హీరోగారి చిరిగిన కాగితాన్ని బోర్డుమీద నా ఖాళీలో పెట్టుకున్నారు. చీటీ మార్చలేదు. బహుమతి రాదు, నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. పేర్రాజు కొత్త పొర, కొత్త పిన్ను రేకు వేసి, పిన్ను ఏ వైపుందో మూడుసార్లు చూసుకుని, మీట నొక్కాడు.

నూకరత్నం నన్ను పైటకు గుచ్చుకుని జగన్నాథపురం బస్సెక్కింది. కండక్టరు టికెట్టు కోస్తూ నావైపు వంగి చూశాడు.

"మీ అమ్మాయాండీ? మీ పోలికే."

"మాయమ్మండి" అంది నూకరత్నం.

కండక్టరు వేళాకోళమనుకుని నవ్వి ముందుకు వెళ్ళిపోయాడు. ఆమె నవ్వలేదు. వంతెన దగ్గర కిటికీలోంచి ఏటిగాలి చలిగా కొడుతుంటే, పైట చెంగు లాగి, చంటిపిల్లకు కప్పినట్టు నామీద కప్పింది.