సముద్రం వైపు గోడ

చిన్న సరంగమ్మ తన ఇంటికి సున్నం వేయించింది. వేయించుకుంటే ఎవరికి ఏడుపు? కాకపోతే వీధి వైపు గోడ మసిబారి, పెచ్చులూడి ఉన్నది ఉన్నట్టే ఉండగా సముద్రం వైపు గోడ ఒక్కదానికే వేయించింది. అదీ ఒకసారి కాదు. వానలు వెలిసీ వెలియగానే ఒకసారి, అది ఇంకా తళతళలాడుతుండగానే మరోసారి. మనుషులు నడిచే వైపు వదిలేసి చేపలు చూసే వైపు సోకు చేసే ఇల్లాలిని ఆ ఊరు అంతకుముందు ఎరగదు.

పక్కింటి వంటగది కిటికీలోంచి చూస్తున్న పెద్ద సరంగమ్మకి మనసులో కలుక్కుమంది. ఇద్దరూ తోడికోడళ్ళు. సొంత పేర్లు ఏనాడో మరుగునపడి, రేవులో సరంగులుగా పనిచేసే మొగుళ్ళను బట్టి ఊరు పెట్టిన పేర్లే మిగిలాయి.

పొగఓడలు కొత్తగా వస్తున్న రోజులవి. రేవు ముందు నీళ్ళ కింద ఇసుకతిన్నెలున్నాయి. వాటి మధ్య దారి తెలియక ఎంత గొప్ప ఓడైనా బయటే ఆగాలి. అప్పుడు పెద్ద సరంగు పడవలో ఎదురువెళ్ళి, ముందు తాను, వెనక ఓడగా లోపలికి తీసుకొస్తాడు. తమ్ముడు అదే పడవ ముక్కు దగ్గర నిలబడి, తాడుకు కట్టిన సీసపు గుండును నీళ్ళలోకి వదులుతూ లోతు ఎన్ని బారలుందో కేకేసి చెబుతుంటాడు. తమ్ముడు చెప్పేది లోతు, అన్న చూపేది దారి. వాళ్ళ తండ్రి నాటి నుంచీ ఆ రేవులో అదే పద్ధతి.

పెద్ద సరంగు ఉద్యోగంతో పాటు రేవుకు ఎదురుగా మేడ ఇల్లు వచ్చింది. ఇంటితో పాటు ఊళ్ళో పెద్ద కుటుంబాల ఆడవాళ్ళ సరసన పెద్ద సరంగమ్మకి ఓ కుర్చీ వచ్చింది. ఉద్యోగం పోతే ఇల్లు పోతుంది, ఇల్లు పోతే కుర్చీ పోతుంది. ఈ మూడింటిలో ఆమెకి ఎక్కువ ముద్దు కుర్చీయే. ఇలా అనడం అన్యాయం కావచ్చుగానీ అబద్ధం మాత్రం కాదు.

ఆ ఆడవాళ్ళు వారానికొక ఇంట్లో మధ్యాహ్నం పూట చేరేవారు. రేవు అధికారి భార్య నడుమ కూర్చునేది. తెరచాపలు కుట్టేవాడి భార్యకి హోదా లేకపోయినా పిలుపు మాత్రం తప్పేది కాదు, ఎందుకంటే ఆమె రాకపోతే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. నోట్లో నువ్వుగింజ నానని ఆ మనిషికి ఊరు పెట్టిన పేరు టముకు.

ఆ వారం టముకు తన కుర్చీని పెద్ద సరంగమ్మ పక్కకి జరుపుకుంది.

"మా ఆయన మొన్న వచ్చిన ఓడ మీదే ఉన్నాడమ్మా, తెరచాపకి అతుకెయ్యడానికి. పడవలో దారి చెప్పేది చిన్నాయనేనట! 'నాలుగు బారలు, కాస్త ఎడమకి... అయిదు బారలు, ఇక తిన్నగా' అంటున్నాడట. ఆయన అన్నాకే మీ ఆయన చెయ్యెత్తుతున్నారట. నాకెందుకులే తల్లీ, విన్నది చెప్పాను."

"అన్నదమ్ములన్నాక సవాలక్ష మాట్లాడుకుంటారు" అని పెద్ద సరంగమ్మ నవ్వేసింది. నవ్వింది పెదాలే. మరిది తన మొగుడి ఉద్యోగానికి ఎసరు పెడుతున్నాడన్న మాట లోపల బల్లెంలా దిగింది. ఇంకేం, ఆ కళ్ళతో చూడటం మొదలుపెట్టాక కనిపించనిదంటూ ఏముంటుంది? రేవు అధికారి కచేరీ గది కిటికీలోంచి చూస్తే ఆ గోడే కనిపిస్తుందన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది. తెల్లగోడ ఎవరి కంట్లో పడటానికో తేలిపోయింది.

అప్పట్నుంచి తోడికోడలు గుమ్మంలో అడుగుపెడితే చాలు, ఆమె చేతులు ఎటు వెళుతున్నాయో, చూపు ఎక్కడ ఆగుతోందో కనిపెట్టసాగింది. చిన్న సరంగమ్మ రోజూ వచ్చేది. వచ్చిన మనిషి కూర్చోదు. నడవలో అడ్డంగా ఉన్న ముక్కాలిపీటను గోడకి ఆనించేది. మెట్ల దగ్గరి బిందెను మూలకి జరిపేది. భోజనాల గదిలో కుర్చీలన్నీ బల్ల కిందికి తోసేది. తన సామాను ఇక్కడ ఎక్కడెక్కడ పడుతుందో చూసుకుంటోందని పెద్ద సరంగమ్మకి ఒళ్ళు మండిపోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేగా!

"బావగారికి తలనొప్పి తగ్గిందా అక్కా?" అనేది చిన్న సరంగమ్మ.

"ఆయనకి తలనొప్పని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదక్కా, ఊరికే అడిగాను." ఆ మాట అంటూ తల వంచుకునేది. తప్పు లేనివాళ్ళు తల ఎందుకు వంచుకుంటారు?

ఒకరోజు మేడ మీద కిటికీ దగ్గర నిలబడి తన ఇంటికేసి చూస్తూ దొరికిపోయింది. "ఇక్కణ్ణుంచి మా గోడ బాగా కనిపిస్తోందా అక్కా?"

"కనిపించకేం, కళ్ళు పొడుస్తోంది!"

చిన్న సరంగమ్మ ముఖం వెలిగిపోయింది. వెక్కిరిస్తే సంతోషించే మనిషిని ఏం చెయ్యాలో పెద్ద సరంగమ్మకి తోచలేదు.

ఆ సాయంత్రం మొగుడికి టీ ఇస్తూ అడిగేసింది. "పడవలో మీ తమ్ముడు దారి కూడా చెబుతున్నాడటగా? ఊరంతా అనుకుంటోంది."

ఆయన కప్పును బల్ల మీద పెట్టబోయాడు. సగం బల్ల మీద, సగం గాలిలో పెట్టాడు. అది కిందపడి ముక్కలైంది. "వాడి జోలికి వెళ్ళకు" అన్నాడు గట్టిగా. ఆ తర్వాత గొంతు తగ్గించి, "వాడు లేకపోతే నేను..." అని ఆగిపోయాడు.

మిగతా వాక్యాన్ని ఆమె తనకు నచ్చినట్టు పూర్తిచేసుకుంది. తమ్ముడంటే ఈయనకి భయం. చేతిలో కప్పు జారేంత భయం. ఎంత మనిషిని ఎలా చేసి పెట్టారు! ఆమెకి నిజంగానే ఏడుపొచ్చింది. పెంకులు ఏరుతూ ఆ భయాన్ని తానే వదిలించాలని తీర్మానించుకుంది. ఆమెకి మొగుడంటే ప్రేమ లేదని ఎవరూ అనలేరు.

మరుసటి వారం ఆడవాళ్ళు చేరింది ఆమె ఇంట్లోనే. చిన్న సరంగమ్మ కప్పులు కడగడానికి లోపలికి వెళ్ళిన సమయం చూసి, రేవు అధికారి భార్య చెవి దగ్గరకి వంగింది.

"మా మరిది బంగారమండీ. కాకపోతే ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఒక పడవలో ఇద్దరు దారి చెబితే రేపు ఏ ఓడో ఇసుకలో కూరుకుపోతుంది. అప్పుడు మాట వచ్చేది అయ్యగారికేగా? నా భయమల్లా మీ గురించే."

తన భయమల్లా ఎదుటివాళ్ళ గురించే అనే మనిషిని ఎవరు కాదంటారు? మాట ఆ పూటే అధికారి చెవిన పడింది. చిన్న సరంగును పడవలోంచి తీసి, రేవు గిడ్డంగిలో గొలుసులకీ లంగర్లకీ తుప్పు గోకించే పని అప్పజెప్పారు. అతని బదులు పడవలోకి ఓ కొత్తవాడు వచ్చాడు. సీసం గుండు వదలమంటే వదులుతాడు, లోతు చెప్పమంటే చెబుతాడు. అంతకుమించి నోరు విప్పడు.

ఆ కబురు విని పెద్ద సరంగు చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. "ఎవరు చెప్పి ఉంటారు ఆయనకి?" అన్నాడు.

"నాకేం తెలుసు?" అంది భార్య. ఆయన ఆమె ముఖంలోకే చూడలేదు. తమ్ముడి మీద మమకారం చావక అలా ఉన్నాడనుకుంది. చిన్న సరంగమ్మ రాకపోకలు మానేసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం కాక ఇంకేమిటి? తర్వాతి రెండు రోజులూ పెద్ద సరంగమ్మ హాయిగా నిద్రపోయింది. ముక్కాలిపీట మళ్ళీ నడవలోకి వచ్చింది. పెద్ద సరంగు దాన్ని తన్నుకుని మోకాలు కొట్టుకున్నాడు.

ఆ తర్వాత ఓ ఉదయం జనంతో నిండిన పెద్ద పొగఓడ వచ్చి ఇసుకతిన్నెల అవతల ఆగింది. ఊళ్ళో సగం కుటుంబాల బంధువులు అందులోనే ఉన్నారు. పిల్లాపాపలతో రేవు మీద సందడి మొదలైంది. పెద్ద సరంగు కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. భార్య తలదువ్వుకుంటుండగా చిన్న సరంగమ్మ పెరటి గుమ్మంలోంచి పరుగున వచ్చింది.

"అక్కా, బావగారిని ఆపు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఎందుకు? మీ ఆయన లేని పడవ కదలదా?"

"బావగారికి కళ్ళు కనిపించవక్కా!"

దువ్వెన జుట్టులోనే ఆగింది.

"ఏడాదిగా పొర కమ్ముతోంది. మా ఆయనకి ఒక్కడికే చెప్పారు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు, నువ్వు బెంగపెట్టుకుంటావని. సముద్రంలోంచి చూసినప్పుడు కొండ మీది స్తంభం, దాని కింద మా గోడ, రెండూ ఒకదాని కింద ఒకటి నిలబడితే అదీ దారి. మొదట్లో స్తంభం మసగ్గా కనబడేది, గోడ కనబడేది కాదు. అందుకే సున్నం వేయించాను. తర్వాత అదీ ఆనలేదు. అప్పట్నుంచి లోతుతో పాటు దారీ మా ఆయనే చెబుతున్నారు. గిడ్డంగికి పొమ్మన్నాక మా ఆయన వచ్చి పడవెక్కొద్దని బతిమాలారక్కా. అధికారితో చెప్పేస్తానన్నారు. చెబితే తను చచ్చినంత ఒట్టన్నారు బావగారు."

పెద్ద సరంగమ్మకి నడవలో ముక్కాలిపీట కనిపించింది. బిందె కనిపించింది. ఇన్నాళ్ళూ ఈ పిల్ల తన ఇంట్లో దేనికి జాగా చేస్తూ తిరిగిందో కూడా కనిపించింది. సిగ్గుతో చచ్చిపోవడానికి అది మంచి సమయమే గానీ తీరిక లేదు. సగం జడతో అలాగే రేవుకి పరుగెత్తింది.

ఆయన పడవలో ఉన్నాడు. కొత్తవాడు పడవ కట్టు విప్పుతున్నాడు. ఒడ్డున రేవు అధికారి, పక్కన ఆయన భార్య, ఆ వెనక టముకు, ప్రతి వారం తన ఎదుట కూర్చునే ముఖాలన్నీ ఉన్నాయి.

"ఏమండీ, ఒక్క మాట. ఒంట్లో బాగాలేదన్నారుగా, ఇవాళ్టికి వద్దులెండి" అంది వగరుస్తూ.

"నాకేం, బాగానే ఉన్నాను. ఇంటికి పో" అన్నాడాయన. ఆమెకి తెలిసిపోయిందని ఆయనకి అర్థమైంది. ఆ గొంతులో బతిమాలడం ఉంది. ఊరుకోవే, ఈ ఒక్కటీ ఊరుకో అంటున్న గొంతు. ఆమె ఓడ వైపు చూసింది. అంచుల వెంబడి జనం చేతులూపుతున్నారు. ఊరుకుంటే ఉద్యోగం ఉంటుంది, ఇల్లుంటుంది, కుర్చీ ఉంటుంది. పడవ ఒడ్డు వదిలింది.

"ఆపండి! మా ఆయనకి చూపు లేదు! ఏడాదిగా లేదు! దారి చెప్పింది మా మరిది! మా మరిదిని తీయించేసింది నేను!"

కొత్తవాడు తెల్లబోయి పడవను మళ్ళీ ఒడ్డుకు లాగాడు. రేవు అధికారి తన భార్య వంక ఓసారి చూసి, గిడ్డంగి వైపు చెయ్యి చూపించాడు. "చిన్న సరంగును పిలవండి. ఇవాళ్టి నుంచి పడవ అతనిది."

ఏ మాట వినకూడదని ఇన్ని పన్నాగాలు పన్నిందో ఆ మాటే అది. చెవిన పడింది గానీ పెద్ద సరంగమ్మ మనసు దాని మీద లేదు. ఆమె జనాన్ని తోసుకుంటూ నీటి మెట్ల మీదికి దిగుతోంది. పడవలో నిలబడ్డ మనిషి ఒడ్డుకేసి తలెత్తాడు. ఆమె ఇందాక అరిచిన చోటుకేసి చూస్తూ, ఇంట్లో మాట్లాడినంత నెమ్మదిగా అన్నాడు.

"పోనీలేవే. ఏడవకు. నీకు చెప్పకపోవడం నాదే తప్పు."

అక్కడిప్పుడు ఉన్నది పెద్ద సరంగమ్మ కాదు, టముకు. ఆ పట్టపగటి ఎండలో ఆయన ఆమె ముఖంలోకే చూస్తూ ఆ మాటలన్నీ అన్నాడు. టముకు నోరు పెగల్లేదు.

"ఇటండీ. నేనిటున్నాను" అంది పెద్ద సరంగమ్మ కింది మెట్టు మీద నుంచి, చెయ్యి చాపి.

ఆయన ఆ చేతి కోసం గాలిలో తడుముకున్నాడు. ఊరంతా చూస్తోంది. ఆమె నీళ్ళలోకి దిగి ఆ చెయ్యి పట్టుకుంది.