వెనక్కి వచ్చిన కోటు

ముప్పై ఒక్క ఏళ్ల పాటు మా కొట్లో అడుగుపెట్టిన ప్రతివాళ్లూ నా నోట ఒక మాట వినే ఉంటారు. "నేను కత్తిరించిన కోటు వెనక్కొచ్చిన రోజున కత్తెర కింద పెట్టేస్తా." అడిగినా చెప్పేదాన్ని, అడక్కపోయినా చెప్పేదాన్ని. కొత్తవాళ్లకు అది గర్వంలా వినిపించేది. గర్వమే మరి. లేని గొప్ప చెప్పుకుంటే తప్పు గాని, ఉన్నది దాచుకోవడం నాకు చేతకాదు.

కొట్లో ఉండేది ఇద్దరమే. కొలతలు తీసి గుడ్డ కత్తిరించేది నేను, కుట్టేది నా తోటికోడలు. మా మొగుళ్లు అన్నదమ్ములిద్దరికీ సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. నా కత్తెరను ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఒకసారి తోటికోడలు దాంతో కాగితం కత్తిరించిందని మూడు రోజులు తనతో మాట్లాడలేదు. కాగితం కోస్తే పదును పోతుంది, ఆ తర్వాత కత్తెర గుడ్డను కోయదు, నములుతుంది.

అలాంటి నేను కిందటేడు ఒక ఉదయం మంచం మీద పక్కకు తిరగలేకపోయాను. భుజాలు, తుంట్లు, తొడలు కొయ్యబారిపోయాయి. మా ఆయన చంకల కింద చేతులు వేసి లేపితే గాని కూర్చోలేకపోయాను. చేతులు తల దాకా లేవకపోతే జడ కూడా ఆయనే వేశాడు. కొట్లో తోటికోడలు ఆ జడను చూసి, "ఇది జడా అక్కా, బావగారు పేనిన తాడా?" అని పడీపడీ నవ్వింది. తీరా నేను కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ బల్లకు ఆనించడం చూసి నవ్వు ఆపేసింది. ఆ సాయంత్రమే నన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

రక్తపరీక్షలయ్యాక డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది. పాలీమయాల్జియా రుమాటికా. రాసుకోవడానికి నా టేపంత పొడుగు కాగితం కావాలి. యాభై దాటినవాళ్లకు వస్తుందట. ఒంట్లో వాపు పుట్టి భుజాలనూ తుంట్లనూ బిగించేస్తుందట.

"స్టెరాయిడ్ మాత్రలతో నొప్పి తొందరగానే పోతుందమ్మా. ఆ మాత్రలు తగ్గించుకుంటూ రావడమే అసలు పని" అంది డాక్టరమ్మ.

రోజుకు పదిహేను మిల్లీగ్రాములతో మొదలుపెట్టింది. మూడో రోజుకల్లా పై అరలోంచి గుడ్డ తాను నేనే దించాను, దాన్ని పట్టుకుని ఏడ్చాను కూడా. అయితే ఆ మాత్ర ఊరికే మేలు చేసే రకం కాదు. ముఖం గుండ్రమైంది. ఆకలి పెరిగింది, నిద్ర పోయింది. నా జాకెట్ల పక్క కుట్లు నేనే విప్పి వదులు చేసుకున్నాను. కుట్టు లోపల అంగుళమున్నర గుడ్డ వదలడం నాకు మొదటి నుంచీ అలవాటు. మనిషి ఎప్పుడూ ఒకే కొలతలో ఉండడు కదా.

పదికి వచ్చాక డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "ఇక్కణ్ణుంచి నెలకి ఒక్క మిల్లీగ్రామే. మీ అంతట మీరు పెంచొద్దు, తగ్గించొద్దు. ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ముప్పు. కొత్తగా తలనొప్పొచ్చినా, చూపు మసకబారినా, నమిలితే దవడ నొప్పెట్టినా ఆ రోజే రండి."

ఎనిమిది నుంచి ఏడుకు దిగిన వారంలోనే బస్సు డ్రైవర్ల కోట్ల పని వచ్చింది. మొత్తం ఇరవై రెండు. ఏడు మొదలుపెట్టిన అయిదో రోజున అందరూ కొలతలకు వచ్చారు. ఆ పొద్దున్నే నా భుజాలు మళ్లీ బరువెక్కాయి. వేడినీళ్లు పోసుకున్నాను. గోడ మీద వేళ్లు పాకిస్తూ చేతుల్ని మెల్లమెల్లగా పైకి తీసుకెళ్లాను. పక్కనున్న తలుపు గడియ ఎత్తు దాకా వెళ్లి ఆగిపోయాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే తోటికోడలు నన్ను కూర్చోబెడుతుంది, కూర్చోబెట్టాక కత్తెర కూడా తీసుకుంటుందని భయం.

చివరగా వచ్చినతన్ని తోటివాళ్లంతా నిచ్చెన అని పిలుస్తున్నారు. నిచ్చెనే. ఛాతీ కొలిచేటప్పుడు టేపు వీపు మీద రెక్క ఎముకల మీదుగా రావాలి. నా చేతులు అంత ఎత్తు లేవలేదు. "కాస్త కూర్చో బాబూ" అంటే సరిపోయేది, ముక్కాలిపీట అక్కడే ఉంది. కాని ముప్పై ఒక్క ఏళ్లు అందరినీ నిలబెట్టే కొలిచినదాన్ని. కొట్టునిండా మగవాళ్లు చూస్తుండగా నా చెయ్యి లేవదని ఎలా చెప్పను? టేపు వెనక కిందికి జారింది. జారిందని నా వేళ్లకు తెలుసు. అయినా "నలభై" అన్నాను. తోటికోడలు నలభై అని రాసుకుంది.

కోట్లు ఇచ్చేసిన మూడో రోజు మధ్యాహ్నం నిచ్చెన కోటు తొడుక్కునే వచ్చాడు. చేతులు రెండూ స్టీరింగు పట్టుకున్నట్టు ముందుకు చాచి చూపించాడు. వీపు మీద గుడ్డ చిరిగిపోయేంతగా బిగిసింది.

"తిన్నగా పోతే బానే ఉందమ్మా. మలుపొస్తేనే ఇబ్బంది" అన్నాడు, తప్పంతా తనదైనట్టు.

ఇంకెవరైనా కుట్టిన కోటైతే, "మలుపుల్లేని రూటు వేయించుకో నాయనా" అని నేనే నవ్వించేదాన్ని. ఇది నా కోటు. కోటు విప్పి ఇమ్మని, లోపలి గదిలోకి వెళ్లిపోయాను.

మాత్రల డబ్బా సంచీలో ఉంది. మూత తీశాను. ఇంకో రెండు వేసుకుంటే రేపటికి చేతులు లేస్తాయి. ఎవరికీ తెలియదు. మళ్లీ అందరినీ నిలబెట్టి కొలవచ్చు. రెండు మాత్రలు అరచేతిలోకి వచ్చేశాయి. ఆరు నెలల నుంచి ఒక్కో మెట్టే దిగుతున్నాను. గోరంత తెల్లటి మాత్రలు రెండు, నన్ను ఎంత తేలిగ్గా మళ్లీ పైమెట్టుకు రమ్మంటున్నాయో! నాకు చచ్చేంత కోపం వచ్చింది. మాత్రల మీద కాదు, నా మీదే. రెండూ డబ్బాలో వేసి మూత బిగించాను.

బయటికి వచ్చి, కత్తెర తీసి తోటికోడలి మిషను మీద పెట్టాను.

"అన్న మాట అన్నట్టే. నా కోటు వెనక్కొచ్చింది. ఇక నువ్వే కత్తిరించు."

తను కత్తెర వంక చూసింది గాని ముట్టుకోలేదు. "నాకెందుకమ్మా, ఇది ముట్టుకుంటే మూడు రోజులు మాట్లాడవు" అంది.

"వేళాకోళం కాదే. ఆ రోజు నా చెయ్యి లేవలేదు. మూడు వారాల నుంచీ లేవట్లేదు. నీక్కూడా చెప్పలేదు."

తను లేచింది. కోటును బల్ల మీద పరిచి, రాసిన కొలతలు పక్కన పెట్టుకుని, టేపుతో వీపు, ఛాతీ, భుజం ఒక్కొక్కటే కొలిచింది. రెండోసారి కూడా కొలిచింది. నిచ్చెన గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అక్కా, నలభైకి ఎలా ఉండాలో అలాగే ఉంది. పోగంత తేడా లేదు. తప్పు కత్తెరది కాదు, టేపుది. కింద పెడితే టేపు పెట్టు" అంది.

నేను నోరు తెరవబోయాను.

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని నాతో వాదించకు. రేపట్నించి టేపు నేను పడతా. ఎక్కడ పట్టాలో నువ్వు కూచుని చెప్పు. ఇరవయ్యేళ్లుగా పక్కనే ఉన్నా, ఒక్కసారైనా నేర్పావా?"

నిజమే, నేర్పలేదు. సిగ్గేసింది. మెడలో టేపు తీసి తన మెడలో వేశాను. కత్తెర మళ్లీ నా చేతికి తీసుకున్నాను.

ముక్కాలిపీట లాగి నిచ్చెనను కూర్చోమన్నాను. "ఆ రోజు నీ వీపు దాకా నా చెయ్యి లేవలేదు నాయనా. చెప్పడానికి నామోషీ పడి తప్పు కొలిచాను."

"చెప్పుంటే మోకాళ్ల మీద కూర్చునేవాణ్ణి కదమ్మా!" అన్నాడు.

తోటికోడలు టేపు వేసింది. "ఇంకా పైకి. ఆ ఎముక మీదికి. ఇప్పుడు బిగించకు, ఊపిరి తీసుకోనీ" అని నేను చెబుతూ ఉన్నాను. నలభై రెండు. లోపల వదిలిన అంగుళమున్నర గుడ్డ నా పరువు కాపాడింది. పక్క కుట్లు విప్పి సాయంత్రానికల్లా కోటు సరిచేసి ఇచ్చాం. పాత కుట్టు గీత మాత్రం సన్నగా కనబడుతూనే ఉంది.

మర్నాడు డాక్టరమ్మకు అంతా చెప్పాను, అరచేతిలోకి వచ్చిన రెండు మాత్రల సంగతితో సహా. రక్తం తీసి చూసింది.

"వాపు పెరగలేదు. మాత్ర తగ్గిందని ఒళ్లు అలిగింది, అంతే. రెండు వారాలు చూద్దాం. తగ్గకపోతే ఎనిమిదికే పోదాం. అది ఓడిపోవడం కాదు. కానీ నొప్పొస్తే నాకు చెప్పాలి, దాచుకుంటే నేనేం చెయ్యను?" అని చీవాట్లు పెట్టింది.

పన్నెండు రోజులకు భుజాలు తేలికపడ్డాయి. ఆరుకు దిగాను, తర్వాత అయిదుకు. అయిదు దగ్గర నిజంగానే జబ్బు తిరగబెట్టింది, మళ్లీ ఆరుకు ఎక్కాం. ఈసారి నామోషీ పడలేదు. బిగుతైన కుట్టును విప్పి వదులు చేస్తే కోటు పాడైనట్టు కాదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? పొద్దున్నే గుడ్డ జోలికి పోను. వేడినీళ్లు, గోడ మీద వేళ్ల పాకుడు, కాస్త నడక అయ్యాక పదింటికి కత్తెర పడతాను. గంటకోసారి కూర్చుంటాను. ఇప్పుడు మూడు మిల్లీగ్రాముల మీద ఉన్నాను.

నిన్న డ్రైవర్లు మళ్లీ వచ్చారు. ఈసారి కొత్తగా చేరినవాళ్లకు కోట్లు. వాళ్లను తీసుకొచ్చింది నిచ్చెన. గోడకు చేరగిలబడి నిలబడ్డ ఆ కుర్రడ్రైవర్లతో నేను ఎప్పటిలా మొదలుపెట్టాను.

"ముప్పై రెండేళ్లలో నేను కత్తిరించిన కోటు ఒక్కటంటే ఒక్కటే వెనక్కొచ్చింది."

"ఇదే!" అన్నాడు నిచ్చెన. చేతులెత్తి, చుట్టూ తిరిగి, తను తొడుక్కున్న కోటు పక్కనున్న పాత కుట్టు గీతను అందరికీ చూపించాడు. స్టీరింగు పట్టుకున్నట్టు పట్టి, ఇటో మలుపు అటో మలుపు తిప్పాడు కూడా. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. వెనక్కి రాని కోట్లన్నిటి గురించి చెప్పుకున్నప్పుడు కూడా నాకింత గర్వంగా ఉండేది కాదు.

ఎవరూ చెప్పకుండానే మొదటతను ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. తోటికోడలు టేపు వేసి, నన్ను అడక్కుండానే సరిగ్గా ఎముక మీదికి జరిపి, "ముప్పై ఎనిమిది" అంది. నేను లేచి, పై అరలోంచి గుడ్డ తాను నా చేతుల్తోనే దించుకున్నాను.