గోపీనాథ్ గారి గొంతు

తాడేపల్లిగూడెం శివార్లలోని ఆ రైస్ మిల్లులో ఆయుధపూజ రోజున మిషన్లకు సెలవు, మనుషులకు హడావిడి. అన్నిటికన్నా పెద్ద బంతిపూల దండ కొత్తగా వచ్చిన సార్టెక్స్ మిషనుకు వేశారు. రంగు మారిన బియ్యపు గింజను అదే కనిపెట్టి పక్కకు ఊదేస్తుందట. దానికి ఒక్క మనిషి చాలునట. పాత మిషను దగ్గర పదేళ్లుగా ఉన్నది నౌషాద్, విశ్వాసం అనే ఇద్దరు స్నేహితులు. ఎవరుంటారో పూజయ్యాక యజమాని చెబుతారని మేనేజరు జయకృష్ణ వారం కిందటే చల్లగా చెప్పిపోయాడు.

అలాంటి వారంలోనైనా నౌషాద్ నోరు ఊరుకుందా? యజమాని గోపీనాథ్ గారి గొంతును అచ్చుగుద్దినట్టు దించేస్తాడతను. మొన్న హమాలీలు కబుర్లలో పడితే, ఊక గుట్ట వెనక నిలబడి, "ఏవండీ, మిల్లా ఇది, పెళ్లివారి విడిదా అండీ?" అన్నాడు. హమాలీలు పరుగెత్తారు. వాళ్లతోపాటు జయకృష్ణ కూడా టీ ఒలకబోసుకుని మరీ పరుగెత్తాడు. ఇక ఆ సంగతి యజమాని చెవిన పడకుండా ఉంటుందా!

కొబ్బరికాయలు కొట్టారు, పులిహోర పంచారు. గోపీనాథ్ గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"నౌషాద్ గారూ, ఇలా రండి."

పనివాణ్ణి ఆయన 'గారూ' అన్నారంటే ఒళ్లు మండిందన్నమాటే.

"నాలా మాట్లాడతారటగా. కానివ్వండి."

"తప్పయిపోయిందండీ."

"తప్పు సంగతి తర్వాత చూద్దాం. ముందు కానివ్వండి."

నౌషాద్ బస్తాలోంచి ఒక వడ్లగింజ తీసి కొరికి, ఆయనలాగే మొహం చిట్లించి, "ఏవండీ, ఇది ఎండిందా, ఎండినట్టు నటిస్తోందా అండీ?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. గోపీనాథ్ గారి మొహంలో ఏ మార్పూ లేదు.

"బాగానే ఉంది. ఇప్పుడు నా గొంతుతోనే చెప్పండి. నౌషాద్ ఉంటాడా, విశ్వాసం ఉంటాడా?"

హమాలీలు పకపకా నవ్వారు. పోయేది వాళ్ల ఉద్యోగం కాదుగా! నౌషాద్‌కు చెడ్డ కోపం వచ్చింది. పరాచికానికైనా హద్దుండాలి. తన పేరు చెప్పుకుంటే స్నేహితుణ్ణి పదిమంది ముందు గెంటేసినట్టు. విశ్వాసం పేరు చెబితే సాయంత్రం భార్య సమ్రీన్‌కు ఏం చెప్పాలి? పులిహోర ఆకు చేతిలో పట్టుకుని, ముద్ద ఎత్తకుండా, విశ్వాసం నేల చూస్తున్నాడు.

నౌషాద్ గొంతు సవరించుకున్నాడు.

"ఏవండీ జయకృష్ణ గారూ, కొత్త మిషను మొరాయిస్తే దాని బాబొచ్చి చూస్తాడా అండీ? ఇద్దరూ ఉంటారు. పోయి పని చూసుకోండి."

"అలాగేనండీ," అన్నాడు జయకృష్ణ అలవాటు కొద్దీ.

గోపీనాథ్ గారు ఒకసారి మేనేజరును చూశారు, ఒకసారి నౌషాద్‌ను చూశారు. ఆపైన కుర్చీ కిర్రుమనేలా నవ్వడం మొదలుపెట్టారు. కళ్లు తుడుచుకుని, "విన్నారుగా. నేనన్నానంటే అన్నట్టే," అని లేచారు.

వెళ్తూ వెళ్తూ నౌషాద్ పక్కన ఆగారు.

"నలుగురిలో నన్ను మంచివాణ్ణి చేసేశావురా. ఇప్పుడు కాదంటే నవ్వులపాలవుతాను."

"అసలు ఎవర్ని ఉంచుదామనుకున్నారండీ?"

"నిన్నే."

అవతల విశ్వాసం, పొద్దుటినుంచీ ఏమీ తినలేదేమో, పులిహోర ఆబగా తింటున్నాడు. ఆ మాట వాడికి ఈ జన్మలో చెప్పకూడదనుకున్నాడు నౌషాద్.